పచ్చిగా ఉండిపోయిన గెలలు

తమిళనాడులోని ఒట్టన్‌చత్రం మార్కెట్లో పొద్దున్నే లారీల నుంచి అరటి గెలలు దిగే వేళకు మేనక తన మండీలో ఓ మూల కూతురికి కుర్చీ వేసేది. భర్త గోపీనాథ్ కేరళకు లారీ తోలుతాడు కాబట్టి వ్యాపారమంతా ఆమే చూసుకునేది. తొమ్మిదేళ్ల కృత్తిక ఆ కుర్చీలో కూర్చుని హోంవర్కు రాసుకుంటుంటే, కూలీలు పచ్చి గెలలు తెచ్చి దాని చుట్టూ పేర్చేవాళ్లు. పిల్ల లెక్కలు ముగించేలోపల అవన్నీ పసుపు తిరిగి కమ్మగా మాగిపోయేవి.

అందులో ఎవరికీ వింతేమీ లేదు. ఇంట్లో విశేషమున్నవాళ్లు గెల తెచ్చి, "పాపకాడ రవంతసేపు పెట్టు మేనకా" అని చెప్పి, టీ తాగొచ్చి తీసుకుపోయేవాళ్లు.

కృత్తికది పసితనంలోనే ముసలితనం తెచ్చే జబ్బు. తలమీద వెంట్రుక లేదు, చర్మం ముడతలు పడింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె నాళాలు పెద్ద వయసువాళ్లకు మల్లే గట్టిపడుతున్నాయని కోయంబత్తూరు డాక్టర్ రంజని చెప్పింది. ఆమే ఈ ఏడు ఓ కొత్త కబురూ చెప్పింది. షుగరు జబ్బుకిచ్చే పాత మందొకటి, ఇలాంటి పిల్లల కణాల్లో పేరుకునే చెడ్డ ప్రోటీన్‌ను ల్యాబులో తగ్గించిందట. ఇప్పుడు పిల్లలకు ఇచ్చి చూస్తున్నారట.

మందు పేరు వినగానే అత్త పాపమ్మాళ్ తన మాత్రల అట్ట పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏమ్మే మేనకా, నేను దినమూ మింగేది ఇదే గదా! ఇన్నాళ్లూ మనింట్లోనే ఉండాదే!"

"అయితే అవ్వా, మనిద్దరికీ ఒకే మందు!" అని కృత్తిక చప్పట్లు కొట్టింది.

కానీ ఆ మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే పిల్లకు కడుపు చెడింది. అన్నం సయించలేదు. ఉన్న రవంత బరువూ తగ్గింది. "మేలేదీ కనపడలేదు మేనకా. బరువు ఇంకా తగ్గితే ప్రమాదం. వచ్చేయండి, మందు నిలిపేద్దాం" అని డాక్టరమ్మ ఫోన్ చేసింది. మేనక కోయంబత్తూరు బస్సు వేళ కనుక్కుని, సంగతి మండీలో వాళ్లకు చెప్పింది.

మర్నాడు పొద్దున చిన్నాన్న వరసయ్యే గురుసామి వచ్చాడు. మనవరాలికి చెవులు కుట్టించే పండగకని తెచ్చిపెట్టిన గెలల కోసం.

"ఏమ్మా ఇది? కాయలు కాయలుగానే ఉండాయే! అవతల చుట్టాలంతా వచ్చేసినారు!"

మేనక తిరిగి చూసింది. కృత్తిక లెక్కలు ముగించి బొమ్మ గీసుకుంటోంది. చుట్టూ గెలలు కోసిన రోజులాగే పచ్చగా ఉన్నాయి. ఒక కాయ నొక్కింది. రాయిలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే జిగురు వాసన. ఇంకో గెలలోది నొక్కింది, అదీ అంతే.

"పచ్చిగుండాయి చిన్నాన్నా!"

"అదే గదా నేను చెప్తాండేది!"

"పచ్చిగుండాయి! చూడు, ఒక్కటీ మాగలేదు!"

ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. గురుసామి గెల వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. భుజంమీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నా పండ్లు నేను పక్క మండీలో తీసుకుంటాను. నువ్వు ముందు కోయంబత్తూరు బస్సెక్కు తల్లీ" అన్నాడు.

గెలలోంచి ఒక హస్తం కాయలు కోసుకుని తల్లీకూతుళ్లు బస్సెక్కారు. బస్సు పళని దాటింది. ఉడుమలై దాటింది. ఒళ్లో కాయలు పెట్టుకున్న కృత్తిక ఊరూరికీ, "ఇంకా పచ్చే అమ్మా!" అని కేకపెట్టేది. వెనక సీటువాళ్లు కూడా లేచి లేచి చూశారు.

కోయంబత్తూరు గాంధీపురం ఆసుపత్రిలో డాక్టర్ రంజని ఒక్కో కాయా నొక్కి చూసింది.

"ఇవి ఎప్పటి నుంచి దీని దగ్గరుండాయి?"

"పొద్దు పొడిచినప్పటి నుంచి, డాక్టరమ్మా."

ఆమె కృత్తికను తూకం మీద నిలబెట్టి బరువు చూసింది. తర్వాత మందుచీటీ దగ్గరికి లాక్కుంది. "మందు పనిచేస్తోంది, నిలిపేది వద్దు. మోతాదు సగం చేద్దాం. అన్నం తిన్నాకే ఇవ్వండి, కడుపు కుదుటపడుతుంది."

కుదుటపడింది. మేనక మిగతా వ్యాపారుల్లాగే గెలలు మాగబెట్టేందుకు పొగగది కట్టించుకుంది. కృత్తిక మెల్లగా బరువెక్కింది. దీపావళి ముందటి పరీక్షలో గుండె నాళాలు అంతకుముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయని, ఇంకా గట్టిపడలేదని తెలిసింది. అక్కడి నుంచి తిన్నగా బట్టల షాపుకెళ్లారు. మెరూన్ రంగు పట్టుపావడా ఒకటి పిల్లకు సరిగ్గా కుదిరింది.

"ఇదే రంగులో ఇంకాస్త పెద్దది తియ్యి" అంది మేనక, తమిళంలో.

"పెద్దదైతే కాళ్లకు తట్టుకుంటుందక్కా" అంది సేల్స్ పిల్ల.

"అంచు లోపలికి మడిచి కుట్టిస్తాను. పెరిగేకొద్దీ విప్పుకుంటాం."