మంగళం పాడని తంబుర

నేను ఒక తంబురను. కచేరీల్లో పాటగాడి వెనక బుద్ధిగా నిలబడి ఒకే మాట అంటూ ఉండే పెద్దింటి తంబురను కాను. బుర్రకథ తంబురను. భుజమెక్కి, గజ్జెల కాళ్ళతో పాటు ముందుకీ వెనక్కీ గంతులేసి, ఊళ్ళో కుక్కల్ని కూడా నిద్రలేపే రకం. నన్ను విని ఎవరూ కళ్ళు మూసుకుని తలలూపరు. కళ్ళతో పాటు నోళ్ళు కూడా తెరుస్తారు.

నన్ను చేసినవాడు గురవాచారి. పనస మొద్దు తెచ్చి, నా కడుపు తొలుస్తూ, మధ్యమధ్యలో వేలిముడుకుతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. విని మళ్ళీ తొలిచేవాడు. నన్ను చేయించుకుంటున్న అంకినీడు పక్కనే కూర్చుని, "ఇంకా ఎంత తీస్తావయ్యా, పలచనైపోతుందేమో" అని గొణిగాడు. "చెక్క ఉంచేస్తే పీటవుద్ది. తీస్తేనే తంబుర" అన్నాడు గురవాచారి. ఆ మాట నాకు అప్పట్లో నచ్చలేదు. కడుపులోది తవ్వి పారేస్తుంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

అంకినీడు మంచి కథకుడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. దారిలో కుక్క అడ్డొస్తే నన్నే కర్రలా ఆడించేవాడు. వేదికెక్కాడంటే మాత్రం ఊరంతా ఆయన గుప్పిట్లో ఉండేది. వీరుడు నేలకొరిగే ఘట్టం దగ్గర మగవాళ్ళు కూడా కండువాలతో కళ్ళొత్తుకునేవారు. ఎప్పుడో పోయిన వీరుడి కోసం అంత ఏడ్చినవాళ్ళు, ఇంటికెళ్ళి అన్నం చల్లారిందని బతికున్న పెళ్ళాన్ని తిట్టేవారు. మనుషుల కన్నీళ్ళకి దూరపు చూపు ఎక్కువని నాకు అప్పుడే తెలిసింది.

ఆయనకి రెండు నియమాలుండేవి. తంబుర కుడి భుజం దిగకూడదు. మంగళం పాడకుండా కథ దించకూడదు. మొదటిది గురువుగారు పెట్టిన పద్ధతి అని చెప్పేవాడు. రెండోది మాత్రం గొంతు తగ్గించి చెప్పేవాడు. వీరుడు గెలవాలి, లేదంటే చావాలి. ఏదో ఒకటి తేలాక హారతి వెలిగించి మంగళం పాడితేనే కథ ముగిసినట్టు. సగంలో వదిలేస్తే ఆ అరిష్టం కథకుణ్ణే చుట్టుకుంటుందని ఆయన నమ్మకం. ఒకసారి గాలివానకి పందిరి లేచిపోయినా, తడుస్తూ నిలబడి మంగళం పాడాకే పరుగెత్తాడు. నా తీగలు తడిసి వారం పాటు గొంతు పోయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఆయన కొడుకులిద్దరికీ కథలు పట్టలేదు. పట్టింది మేనకోడలు సామ్రాజ్యానికి. ఆడపిల్ల తంబుర పట్టుకోవడమేమిటని నలుగురూ నసిగితే, "దాని గొంతుకి మీసాలున్నాయిరా, మీకు లేవు" అని వాళ్ళ నోళ్ళు మూయించి నన్ను ఆమె భుజానికెత్తాడు. అప్పట్నుంచి నేను ఆమెదాన్నే.

సామ్రాజ్యం తన దళాన్ని తనే కట్టుకుంది. కుడిపక్క ఆమె ఆడపడుచు పున్నమ్మ, నవ్వించే వంత. ఎడమపక్క రోశమ్మ, లోకం సంగతులు తగిలించి చురకలేసే వంత. వాళ్ళ మెడల్లో చేత్తో వాయించే గుమ్మెటలు, మధ్యలో మేము. వీరుల కథలు చెప్పాం. సర్కారువాళ్ళు అడిగితే దోమల మీద చెప్పాం, చదువుల మీద చెప్పాం, పోలియో చుక్కల మీద కూడా చెప్పాం. లోకంలో ఉన్న జబ్బులన్నిటి గురించీ ఊరూరా దండోరా వేసిన మనిషికి, తన ఒంట్లోదాని గురించి నోరు విప్పడానికి చాలాకాలం పట్టింది.

ముందుగా పసిగట్టింది నేనే అనుకుంటాను. నా తోలుపట్టీ ఆమె రొమ్ముకి అడ్డంగా పడుతుంది. ఆ ఏడాది కథ మధ్యలో పట్టీని మాటిమాటికీ పక్కకి జరిపేది. నామీద విసుగొచ్చిందేమోనని చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఒకరోజు నన్ను చిలక్కొయ్యకి తగిలించి, భర్త శేషగిరితో పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళింది. చాలా రోజులు రాలేదు. ఒక సాలెపురుగు వచ్చి నా మెడకీ గోడకీ మధ్య ఇల్లు కట్టుకుంది. నేనేమీ అనలేదు. తోడుంటే చాలనిపించింది.

తిరిగొచ్చిన సామ్రాజ్యానికి జుట్టు లేదు. కుడి రొమ్ము లేదు. కుడిచెయ్యి వాచి ఉంది, ఆ వైపు బరువెత్తొద్దని డాక్టర్లు చెప్పి పంపారు. వచ్చిన మర్నాడు నన్ను దించి, తుడిచి, కుడి భుజానికి ఆనించుకోబోయి ఆగిపోయింది. తర్వాత నన్ను ఎడమ భుజానికి మార్చుకుంది. "మామయ్యా, తిట్టుకోకు" అంది పైకి చూసి. ఎడమచేతి వేళ్ళు నా తీగల మీద మొదటిసారి పడ్డప్పుడు వచ్చిన మోత గురించి చెప్పను, పరువు పోతుంది. పక్కింటి గేదె మాత్రం బదులు పలికింది. రోజూ కొంచెం కొంచెంగా ఆ వేళ్ళకి నేనూ, నాకు ఆ వేళ్ళూ అలవాటయ్యాం. నా బుర్ర ఆమె గుండెవైపు ఆనడం అదే మొదలు. ఆ చప్పుడు నాకు తెలుస్తూ ఉండేది, బాగుండేది.

ఆ క్యాన్సర్ పోయిందనుకున్నాం. పోలేదు. రెండేళ్ళ తర్వాత ఎముకల్లో కనబడింది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పిందట: ఇది పూర్తిగా పోయేది కాదు, మందులతో కట్టడి చేస్తాం, దానితోనే బతకాలి అని. ఇంటికొచ్చి సామ్రాజ్యం పున్నమ్మతో అంది, "ఖాళీ చెయ్యని అద్దెవాడు దిగాడే. పొమ్మంటే పోడు. సరే, ఇల్లు నాది కదా, నా గదిలో నేనుంటా." పున్నమ్మ పెరట్లోకెళ్ళి ఏడ్చింది. సామ్రాజ్యం నా తీగల బిరడాలు బిగించింది. ఆ సాయంత్రమే తన కథకి మొదటి చరణం కట్టింది.

ఆ కథ వసారాలో పుట్టింది. మందెక్కించుకుని వచ్చిన రోజుల్లో మంచం మీద పడుకుని, నన్ను పక్కన పెట్టుకుని నోటితో అల్లేది. ఓపిక ఉన్న రోజున లేచి నిలబడి అడుగు వేసేది. వాంతులకీ చరణాలకీ మధ్య ఒక ఒప్పందం కుదిరినట్టుండేది, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. అయితే సాధనలోనే పేచీ వచ్చింది. రొమ్ము అనే మాట దగ్గర పున్నమ్మ గుమ్మెట ఆపేసింది.

"వదినా, అంతమంది మగాళ్ళ ముందు ఆ మాటేంటి? ఒంట్లో గడ్డ అను, సరిపోద్ది."

"ఇన్నేళ్ళూ మనం చెప్పిన ప్రతి కథలోనూ వీరుడు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు కదే. అప్పుడు నువ్వే తందాన అన్నావుగా? మీసమున్నోడికైతే అది వీరం, నాకైతే సిగ్గా?"

పున్నమ్మ మళ్ళీ గుమ్మెట అందుకుంది. రోశమ్మ మాత్రం అసలు చిక్కు బయటపెట్టింది.

"అదంతా సరే అక్కా, ముగింపేంటి? గెలిచావనాలా, ఓడావనాలా?"

"గెలవలేదు. ఓడనూ లేదు."

"మరి మంగళం ఎక్కడ పాడాలి?"

సామ్రాజ్యం నన్ను చిలక్కొయ్యకి తగిలించింది. బతికున్న మనిషి తన కథకి తనే మంగళం పాడుకోవడం అంటే తన చావు తనే చాటుకోవడం. పాడకపోతే అరిష్టమని అంకినీడు మాట. ఆ పాత మాట పున్నమ్మకీ తెలుసు. అందుకే ఆమె ఆ రోజు నుంచీ కనబడ్డ ప్రతి గుడికీ మొక్కింది. కథ మొత్తం సిద్ధమైంది, చివర మాత్రం అలాగే ఉండిపోయింది.

మొదటిసారి చెప్పింది నేలబావిపాడు దసరా పందిట్లో. దీపాలు పెట్టే వేళకి జనం నిండారు. సామ్రాజ్యం తలకి ఎర్ర రుమాలు చుట్టుకుంది, జుట్టు లేని సంగతి దాచడానికి కాదు, ఆ రంగు తనకి నప్పుతుందని. ఎడమ భుజం మీద నన్ను చూసి ముందు వరసలో ఒక ముసలాయన, "తంబుర అటెక్కిందేంటి?" అన్నాడు. "ఇటు కొంచెం నేల కుంగింది బాబాయ్, అందుకని మెరకకి మార్చా" అంది సామ్రాజ్యం. మొదటి నవ్వు అక్కడే పడింది.

*కుడి పక్క కోట కూలిందమ్మా — తందాన తాన!*
*ఎడం పక్క గుండె ఎదురు నిలిచిందమ్మా — తందాన తాన!*

"కోట కూలితే రాళ్ళేం చేశారొదినా?" అని అడిగింది పున్నమ్మ.

"డాక్టర్లు పట్టుకుపోయి అద్దాల కింద పెట్టి చూశారే. కట్టిన ఇన్నేళ్ళకి ఆ కోటని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు వాళ్ళే."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు ఫెళ్ళున లేచింది. మగవాళ్ళు కాసేపు పందిరి గుడ్డలో ఏదో వెతుకుతున్నట్టు పైకి చూశారు. తర్వాత వాళ్ళూ కిందికి దిగొచ్చారు. రొమ్ము అనే మాట వచ్చినప్పుడు పున్నమ్మ గొంతు వణకలేదు, అందరికంటే గట్టిగా పలికింది. నేను ఎన్నో యుద్ధాలు చెప్పాను గాని అంత ధైర్యం ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. జబ్బు ఎముకల్లోకి తిరిగొచ్చిన ఘట్టంతో, కట్టుకున్న చరణాలు అయిపోయాయి.

అప్పుడే, పద్ధతి ప్రకారం, సీతారత్నమ్మగారు హారతి పళ్ళెం పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చారు. ఆవిడ దసరా కమిటీ పెద్దాయన తల్లి. ఆచారం తప్పితే దేవుణ్ణైనా నిలదీసే మనిషి. కర్పూరం అప్పటికే వెలిగించేశారు. ఆ వెలుగు చూడగానే, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, పున్నమ్మ నోట మంగళం మొదలైపోయింది. మొదటి మాట బయటికి వచ్చాక గాని తనేం పాడుతోందో ఆమెకి తెలియలేదు.

సామ్రాజ్యం అరచెయ్యి నా తీగల మీద పడింది. నా గొంతు ఆగింది. పున్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పున్నమ్మా," అంది సామ్రాజ్యం, అందరికీ వినబడేలా, "ఇంకా ఉన్నానే."

జనం నవ్వారు. పున్నమ్మ నవ్వలేదు, కళ్ళ నిండా నీళ్ళు. సీతారత్నమ్మగారు కూడా నవ్వలేదు. "హారతి వెలిగించాక మంగళం పాడకపోతే ఎలాగమ్మా? ఊరికి మంచిది కాదు, నీకూ మంచిది కాదు" అన్నారు.

నా మీద ఆనిన గుండె ఎలా కొట్టుకుంటోందో నాకొక్కదానికే తెలుసు. పైకి మాత్రం ఆమె గొంతు నింపాదిగా ఉంది.

"కథ అయ్యాక పాడతానండి. నాది కాలేదు. వెలిగించిన కర్పూరాన్ని ఊది ఆర్పకూడదు కదా, దాన్ని ఉండనివ్వండి. అది వెలిగినంతసేపూ చెబుతా. అదే ఆరితే, అప్పుడు చూద్దాం."

మళ్ళీ నన్ను మీటింది. కొత్త చరణాలు, సాధనలో లేనివి. మొన్న తిన్న గోంగూర పప్పు గురించి చెప్పింది. శేషగిరి ఆమె జడ లేని తలకి కొబ్బరినూనె రాయడం గురించి చెప్పింది. రేపు కుట్టించుకోవాల్సిన జాకెట్టు గురించి, దర్జీ ఒక వైపు గుడ్డ మిగిలిందని దిగులు పడటం గురించి చెప్పింది. వంతలు ఎక్కడికక్కడ అందుకుంటున్నారు. అందరి కళ్ళూ మాత్రం పళ్ళెం మీదే. కర్పూరం బిళ్ళ కరిగి, మంట పొట్టిదై, నీలంగా మారింది.

సీతారత్నమ్మగారు ఆ మంటనీ సామ్రాజ్యాన్నీ మార్చి మార్చి చూశారు. ఆవిడ మంగళం అడుగుతారనే అనుకున్నాను. ఆవిడ బొడ్డులోంచి కర్పూరం పొట్లం తీసి, ఇంకో బిళ్ళ పళ్ళెంలో వేశారు.

మంట లేచింది. కథ సాగింది. అది తగ్గబోతుంటే వెనకనుంచి ఒకావిడ వచ్చి తన పూజ సంచిలోంచి ఒకటి వేసింది. ఆమె వెనక ఇంకొకావిడ. తర్వాత ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఒకరు ఇంటికి పరుగెత్తి తెచ్చారు. పళ్ళెం కాలిపోతుంటే సీతారత్నమ్మగారు చీరచెంగు మడిచి పట్టుకున్నారు గాని కింద పెట్టలేదు. నాకు కన్నీళ్ళు లేవు కాబట్టి సరిపోయింది. ఉంటే నా తీగలు మళ్ళీ తడిసేవి.

చివరికి ఊళ్ళో కర్పూరం అయిపోయింది. మంట తనంతట తానే చల్లారింది. సీతారత్నమ్మగారు ఖాళీ పళ్ళెం చూసుకుని, తీర్పు చెప్పినట్టు చెప్పారు.

"కర్పూరం అయిపోయింది. కథ అవలేదు. వచ్చే దసరాకి ఎక్కువ తెప్పిస్తా. వచ్చి చెప్పు."

ఆ మాట ఊళ్ళు దాటింది. ఇప్పుడు మమ్మల్ని ఏ ఊరు పిలిచినా మంగళం అడగరు. కథ సగంలోనే ఉంచి వస్తాం, మరుసటి ఏడు మళ్ళీ పిలుస్తారు. అంకినీడు పైనుంచి ఏమనుకుంటున్నాడో తెలియదు. ఆయన చెప్పిన అరిష్టం కోసం నేనూ ఎదురుచూశాను, ఇంతవరకూ రాలేదు. సామ్రాజ్యానికి నొప్పులు లేవని కాదు. కొన్ని రోజులు నన్నెత్తలేక మంచం మీదే పెట్టుకుని మీటుతుంది. మందులు మారుతుంటాయి. కథలో చరణాలూ మారుతుంటాయి. గురవాచారి మాట ఇప్పుడు నాకు నచ్చింది. లోపల తీసేసిన చోటే నా గొంతు ఉంది, ఆమెది కూడా.

మొన్న పట్నం మ్యూజియం నుంచి ఒకాయన వచ్చి, పాత తంబుర కదా, అద్దాల బీరువాలో భద్రంగా ఉంచుతామని అడిగాడు. నాకు లోలోపల కొంచెం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. దుమ్ముండదు, కుక్కలుండవు. సామ్రాజ్యం ఆయనకి మజ్జిగిచ్చి, "దానికింకా తీరిక లేదు బాబూ" అని పంపేసింది.

ఈ పొద్దున నేలబావిపాడు నుంచి ఫోనొచ్చింది. సీతారత్నమ్మగారికి ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. అందుకని ఆవిడ గొంతు వసారాలో ఉన్న నాక్కూడా వినబడింది.

"సామ్రాజ్యం, ఈసారి కర్పూరం డబ్బాతో తెప్పించానమ్మా. పెద్ద డబ్బా. నువ్వు గొంతు చూసుకుని రా."