రెండున్నరకు వడ్డించిన పప్పు

రామకిషన్ మూడో బుట్టకు చీటీ అంటించి అరచేత్తో రెండుసార్లు రుద్దాడు. ముద్ఖేడ్. నాలుగోది ధర్మాబాద్. నాందేడ్ స్టేషన్‌లో పార్సల్ కిటికీ వెనక ఇరవై రెండేళ్లుగా అతని పని ఇదే. యాభై దాటింది. బుట్టల మీద వంగి వంగి నడుము అలాగే నిలిచిపోయింది. పెన్సిల్‌ను నాలుకతో తడిపి రాసే అలవాటు వల్ల కింది పెదవి మీద ఊదారంగు మరక ఎప్పుడూ ఉంటుంది. భార్యాపిల్లలు నిజామాబాద్‌లో ఉంటారు. అతను ఇక్కడ ఖానావళుల్లో, అంటే ఇంట్లోనే వండి పదిమందికి అన్నం పెట్టేవాళ్ల దగ్గర, తిని బతికాడు.

ఆ తిండి వల్లే అతనికి కొంచెం పేరొచ్చింది. బదిలీ మీద వచ్చే తెలుగువాళ్ల కోసం ఇక్కడి తెలుగు సంఘం నెలకొక సైక్లోస్టైల్ కాగితం తీసేది. అందులో 'ఎక్కడ తినాలి' అనే నాలుగు వరుసలు అతనివి. కింద పేరు వేసుకోడు గానీ, రాసేదెవరో ఆఫీసులో అందరికీ తెలుసు.

పోయిన నెల, కరువు ముదిరిన డెబ్భై మూడు ఏప్రిల్‌లో, స్టేషన్ వెనక సందులో ఉన్న ఇందుబాయి ఖానావళి గురించి రాశాడు. అక్కడ తిన్నది ఒక్క పూట. "గరిటెతో వెతికినా పప్పు దొరకలేదు" అని రాసి తనే నవ్వుకున్నాడు. చదివినవాళ్లూ నవ్వారు.

"ఇందుబాయి దగ్గర ఇప్పుడు ఎవలు తింటలేరట. నీ రాత గట్టిగనే పనిచేసింది" అన్నాడు పొద్దున బుకింగ్ గుమాస్తా బాబురావ్. మెచ్చుకోలుగానే అన్నాడు. రామకిషన్ చెవులు వేడెక్కాయి. పన్నెండుకు కిటికీ మూసి ఆ సందులోకి నడిచాడు.

నాలుగు చాపలు పరిచి ఉన్నాయి. ఒక్కరూ లేరు. ఇందుబాయి సన్నటి మనిషి. ముంజేతుల మీద పెనం అంచు కాల్చిన పాత మచ్చలు.

"మల్ల అచ్చిండ్రా బాబుసాబ్? కూసోండ్రి" అంది.

రేషన్ ఎర్రజొన్న రొట్టె, చిక్కటి పప్పు వడ్డించింది. పోపులో వెల్లుల్లి కమ్మగా వేగింది. అతను కంచంలోంచి తలెత్తకుండా తిన్నాడు.

చెయ్యి కడుక్కున్నాక ఆమె పిండి డబ్బా కింది నుంచి మడతపెట్టిన కాగితం తీసింది.

"జెర ఇది సదివి చెప్పుండ్రి. గీండ్ల నా పేరున్నదట. అడిగితె 'ఏం లేదక్కా' అంటరు. మల్ల తినెతందుకు రారు."

అతను కాగితం వైపు చూసి, "రొట్టె మెత్తగుంటదని రాసిండ్రు" అన్నాడు. అందులో ఆ మాట లేదు.

"ఇంక వరుసలున్నయి గద?"

ఇక ఉన్నదున్నట్టు చదివాడు. మధ్యాహ్నం రెండున్నరకు వెళ్లడం, నీళ్ల పప్పు, గరిటె. 

"రెండున్నరకా" అంది. "రెండున్నరకు మీరొక్కరే అచ్చిండ్రు."

అతను కాగితం ఆమె చేతికి తిరిగిచ్చాడు.

"గప్పటికి పప్పు గంజు ఊడ్చుకపోయింది. నా పాలుకు ఉంచుకున్న పప్పుల నీళ్లు పోసి మీకు పెట్టిన. మొకం మీద ఆకలి కనవడ్డది." ఆమె గొంతులో కోపం లేదు. "అబద్ధమైతె రాయలే. నీళ్లు పోసిన మాట నిజమే."

"గా దినం నువ్వేం తిన్నవక్కా?"

"ఏదో తిన్న తియ్యిండ్రి" అంటూ ఆమె కంచం తీసుకుపోయింది.

'తప్పయింది' అన్న మాట వాకిలి దాటేదాకా అతని నోట్లోనే ఉండిపోయింది.

ఆఫీసులో రద్దు కాగితం వెనక రాయడం మొదలుపెట్టాడు. మొదటిసారి మరీ పొగిడాడు. అదీ అబద్ధమేననిపించి చింపేశాడు. రెండోసారి నిదానంగా రాశాడు: "ఇందుబాయి ఖానావళికి పన్నెండు, ఒంటిగంట మధ్య వెళ్లండి. రొట్టె గట్టి, ఈ ఏడు ఊరంతా అంతే. పప్పు చిక్కన. కారం ఎక్కువ, పిల్లలుంటే ముందే చెప్పాలి. ఆలస్యమైతే పొద్దున్నే చెప్పి పెట్టండి, లేకపోతే తన పాలు మీకు పెడుతుంది. పోయిన నెల రాసినవాడు ఒక్కసారే, అదీ వేళ దాటాక వెళ్లాడు. తీర్పు చెప్పడానికి అది చాలదు." కింద మొదటిసారి తన పేరు రాశాడు.

పొద్దు వాలేవేళ కిటికీ ముందు తోపుడుబండి ఆగింది. గోనెసంచిలో కుట్టిన వంట గంజులు, పెనం. వెనక ఇందుబాయి, చంకలో మూట.

"కిన్వట్‌కు బుక్ చెయ్యిండ్రి. పక్కనే గోకుందల మా తమ్ముడున్నడు. ఇగ గాడనే ఉంట."

"ఎప్పుడనుకున్నవక్కా?"

"ఎనిమిది దినాలాయె. పోయేముందు ఏం రాసిండ్రో తెలుసుకుందామనే సదివిచ్చుకున్న."

అతను జేబులోంచి కాగితం తీసి, అడగకుండానే చదివాడు. చివర్న తన పేరు కూడా చదివాడు. ఆమె తలూపింది.

"మంచిగున్నది. కని గిది సదివి ఎవలన్న ఆకలితోని అస్తె, తలుపేసి ఉంటది గద బాబుసాబ్. కాగితంల ఎయ్యకుండ్రి."

అతను కాగితం మడిచి, సంచికి కిన్వట్ చీటీ అంటించాడు. చాలాసేపు రుద్దాడు. రైలు కదిలినప్పుడు ఆమె కిటికీలోంచి ఇటు చూడలేదు.

డ్యూటీ దిగి ఆ సందులోకే వెళ్లాడు. తలుపు గొళ్లెం పెట్టి ఉంది. బరువని వదిలేసిన రుబ్బురోలు వాకిట్లోనే ఉంది. కడిగిన నీళ్లు దాని గుంటలో ఇంకా ఆరలేదు.