లాటిన్ పేరున్న చెట్టు

మా మామ అంతోనయ్య నన్ను అడిగింది ఒక్కటే సాయం. బూర్గంపాడు సమాధుల తోటలో, మా అత్త మరియ సమాధి పక్కనున్న చెట్టు పేరేంటో చెప్పమని. పూలు రాలి సమాధుల మీద కుళ్లుతున్నాయని, సమాధుల పండుగలోపు దాన్ని కొట్టేయాలని చర్చి కమిటీ పెద్ద ఇన్నయ్య తీర్మానం చేయించాడు. ఊరూ పేరూ లేని చెట్టు ఉంటే ఎంత, పోతే ఎంత అని ఆయన వాదన. అత్త పోయాక మామ రోజూ సాయంత్రం ఆ పూల వాసనలోనే కూర్చుంటున్నాడు. అది కూడా పోతే ఆయనకు ఇక దిక్కులేదు.

నేను ఖమ్మంలో బోటనీ లెక్చరర్ని. పెళ్లిచూపుల్లోనే ఆ సంగతి అడక్కుండా రెండుసార్లు చెప్పుకున్న మనిషిని. నిజానికి చెట్లతో నా పరిచయమంతా గైడులోనే. బయట ఎదురైతే ఒకరినొకరం గుర్తుపట్టం.

ఆకును ఫోన్‌కు చూపిస్తే మునగ అంది. పువ్వును చూపిస్తే మల్లె అంది. మునగకు మల్లెలు పూశాయంటే కొత్త జాతే అనుకుని, నా పేరు కలిసేలా దానికో లాటిన్ పేరు కూడా ఖాయం చేశాను. నా భార్య ఆరాధన అది విని, ముందు మా నాన్న సంగతి చూడు అంది. సిగ్గేసింది. రెమ్మలు రెమ్మలుగా చీలిన ఆకునూ, పొడవాటి కాడ చివర విచ్చుకున్న తెల్లపువ్వునూ పుస్తకంలో పోల్చుకుంటూ కూర్చుంటే చివరికి తేలింది. పట్నాల్లో రోడ్ల పక్కన నాటే మామూలు చెట్టు. మా కాలేజీ గేటు దగ్గరా ఒకటుంది. నేను రోజూ బండి పెట్టేది దాని కిందే.

మామూలు చెట్టంటే కొట్టేస్తారు. తోటలోనే కూడిన కమిటీ ముందు నిలబడ్డాను. తెలుగు పేరు నోటికి రాక, క్లాసులో చెప్పినట్టు "మిల్లింగ్టోనియా హార్టెన్సిస్" అనేశాను.

చర్చిలో పూజ లాటిన్‌లో జరిగే రోజుల్లో ఇన్నయ్య పీఠబాలుడు, ఫాదర్ పక్కన నిలబడి గంట కొట్టిన పిల్లవాడు. ఆ మాట వినగానే ఆయన ముఖం మారిపోయింది.

"లాటినా సారూ?"

"అవ్, లాటినే."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, లేచి సిలువ గుర్తు వేసుకున్నాడు. "లాటిన్ పేరున్న చెట్టు మీద గొడ్డలేంది? ఉండనీయుండ్రి."

తుమ్మకూ గడ్డికీ కూడా లాటిన్ పేర్లున్నాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇన్నేళ్ల నా పాఠాల్లో ఒక్క లాటిన్ పేరుకైనా ఎవరూ లేచి నిలబడింది లేదు మరి.

అందరూ వెళ్లాక, దాన్ని తెలుగులో ఏమంటారని మామ మెల్లగా అడిగాడు. ఆకాశమల్లె అని చెప్పాను.

"మీ అత్తకు లాటిన్ రాదు బిడ్డా. గిదైతే అర్థమైతది," అంటూ ఆమెకు చెప్పడానికి సమాధి వైపు నడిచాడు.