ఏనుగుకి వేసిన తాళం

నా తోడికోడల్ని మా డిజైన్ ఆఫీసులో చేర్పించింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే అదే. పిల్లల పజిల్ పెట్టెలకు ఎనిమిదేళ్లుగా మూతలు గీస్తున్నది నేను. తను వచ్చి ఎనిమిది నెలలైందో లేదో, మేనేజరు నోట తన పేరే. ఇంటికి పోతే మా అత్తగారి నోటా అదే జపం. నాకు కడుపు మండదా మరి?

ఆ రోజు సాయంత్రం ఐదింటికి కొత్త పెట్టె మూత ఖరారు చేస్తారు. ఎవరి పని నచ్చితే వాళ్లకే విభాగం పెత్తనం. నేను గీసిన ఏనుగు ముందురోజే ఫైల్లో ఎక్కించాను. దానికి రంగులు వేయాల్సింది తను. వేస్తే ఇక నా ఏనుగుని ఎవరు చూస్తారు?

మా ఆఫీసులో ఫైళ్లన్నీ పాత రూపాలతో సహా ఒకేచోట ఉంటాయి. రాత ఫైలైతే ఇద్దరు చేసిన మార్పుల్నీ కలిపేయొచ్చు. బొమ్మ ఫైలుకి ఆ వీల్లేదు, ఇద్దరూ ఒకేసారి మారిస్తే ఒకరి పని నీళ్లపాలవుతుంది. అందుకే పని మొదలెట్టేవాళ్లు ఫైలుకి తాళం వేసి, అయ్యాక తీస్తారు.

తొమ్మిదింటికి తాళం వేశాను. ఒక్క గీతా గీయలేదు. పదింటికి తను వచ్చి ఫైలు అడిగితే తొండం కుదరలేదన్నాను. పన్నెండింటికి చెవులన్నాను. మూడింటికి తోక. ప్రతిసారీ సరేనని నవ్వుతూ వెళ్లింది, నంగనాచి. కాస్త కోప్పడినా నా మనసు చల్లబడేది.

నాలుగున్నరకి మేనేజరు రంగులేవంటూ వచ్చాడు. తాళాల జాబితా తెరిచాడు. నా పేరు, పక్కనే తాళం వేసిన సమయం. నా భుజం మీదుగా తెరలోకి వంగి చూశాడు. నిన్నటి ఏనుగే.

"పొద్దుట్నుంచి ఏం చేశారండీ?"

తొండం అనబోయాను. తను లేచి వచ్చింది.

"నేనే పట్టి ఉంచమన్నాను సార్. తలనొప్పితో పని చేయలేకపోయాను. ఈలోపు ఇంకెవరూ ముట్టుకోకుండా అక్క తాళం వేసింది."

నమ్మేశాడు. గడువు మర్నాటికి జరిపాడు. ఆయన వెళ్లాక తాళం తీసి, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"నీ పరువు పోతే నాకు మాత్రం ముద్ద దిగుతుందా అక్కా?"

మర్నాడు పెత్తనం తనకే ఇచ్చారు. రంగులు బాగున్నాయి, కాదనను. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. విదిలించి కొడదామనుకున్నాను. దానికీ క్షమించేస్తుందని ఊరుకున్నాను.