ఫొటోలో అడుగునున్న మనిషి

పదకొండేళ్ళు జీతమిచ్చి ఫుట్‌బాల్ ఆడించారు నాచేత, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే మా అమెరికా ఫుట్‌బాల్. అన్నేళ్ళలో నేను బంతి ముట్టుకున్నది మూడుసార్లు. నా పని అది కాదు. గీత దగ్గర వంగి నిలబడాలి. అవతలి జట్టులోంచి ఇద్దరు దున్నపోతుల్లాంటివాళ్ళు మీదికొస్తారు. ఆ ఇద్దర్నీ నేనొక్కణ్ణే ఆపాలి. అప్పుడు నా వెనకున్న హోసియాకి అడ్డుండదు. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి వాడు పడేస్తాడు. మర్నాడు పేపర్లో వాడి పేరు, నా మోకాలికి మంచుగడ్డ.

దానికి నేనెప్పుడూ ఏడవలేదు. నా గొడవంతా ఈ ఫొటోతో.

మా మోస్‌బీ హైస్కూల్ గోడమీద, ఊరినుంచి వెళ్ళి పెద్ద జట్లలో ఆడినవాళ్ళ ఫొటోలు పెడతారు. డెబ్భై దాటాక నా వంతు వచ్చింది. పర్విస్ టీచరమ్మ ఏరిన ఫొటో చూసి ఒళ్ళు మండిపోయింది. హెల్మెట్ ఊడిపోయి, నోరు తెరుచుకుని నేలమీద పడున్నాను. అవతలివాడు బంతితో నామీంచి దూకుతున్నాడు.

"అమ్మా, ఇది నా ఫొటోనా, వాడిదా?"

"మీ మొహం కనిపించేది ఇదొక్కటేనండీ ల్యూషస్ గారూ. మిగతావాటిలో అంతా వీపే."

"వీపే పెట్టండి!"

వినలేదు. అదే ఫొటో అప్పట్లో పేపర్లో పడింది. మంగలి డుప్రీ నలభై ఏళ్ళుగా ఆ పేపరు ముక్క కొట్లో అద్దానికి అంటించుకుని, "ఏం మావా, ఇవాళ నిన్నెవరైనా దాటారా?" అంటున్నాడు. ఇప్పుడది బడి గోడెక్కితే, నేను పోయాక మిగిలేది అదే.

ఆదివారం చర్చి భోజనాల్లో బల్లమీద పెట్టి మరీ చెప్పాను. "చూడు డుప్రీ. ఈ ఉప్పు డబ్బా నేను. ఈ రెండు రొట్టెలూ నామీదికొచ్చినవాళ్ళు. ఈ నిమ్మకాయ బంతివాడు. వెనకున్న కారం సీసా హోసియా..."

మా ఆవిడ వెర్నెల్ చెయ్యి చాపి సీసా తీసుకుపోయింది. "చేప చల్లారిపోతోందయ్యా!"

"అయ్యయ్యో, హోసియా పోయాడు! మరి నిమ్మకాయని ఎవరు పట్టుకున్నారు మావా?" అన్నాడు డుప్రీ, పొట్ట పట్టుకుని.

ఇంటికొచ్చి హోసియాకి ఫోన్ చేశాను.

"దానికంత అరుపెందుకురా? అసలు ఫొటో నా దగ్గరుంది. పేపరువాళ్ళు రెండు పక్కలా కోసేశారు," అన్నాడు.

"నలభై ఏళ్ళనుంచీ ఉందా?"

"నువ్వడిగావా?"

శుక్రవారం బడిపిల్లల ఆటకి ముందు, హోసియా తెచ్చిన మొత్తం ఫొటో గోడెక్కింది. ఒక పక్క నా కాళ్ళకింద ఒకడు, నా చంకలో ఒకడు, ఇద్దరూ ఇరుక్కుపోయి ఉన్నారు. రెండో పక్క గాల్లో ఉన్నవాడి మడమని హోసియా రెండు చేతులతో పట్టేసుకున్నాడు.

డుప్రీ వచ్చి చూశాడు. "అబ్బ! హోసియా ఎంత బాగా పట్టాడు!"

పక్కనే ఉన్న హోసియా చేతికర్రతో ఫొటో అద్దం మీద కొట్టాడు. "పైన కాదు, కింద చూడు. ల్యూషస్‌గాడి ఒంటికింద అవతలివాళ్ళ కాళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టు."

డుప్రీ కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. "రెండు... మూడు... నాలుగు."

"అవి నిలబడి ఉంటే నేను అక్కడిదాకా వచ్చేవాణ్ణా?"

డుప్రీ నడుమెత్తి కళ్ళజోడు తీశాడు. "సరే మావా. కానీ వాడు నీమీంచి దూకడం మాత్రం నిజమేగా?"

"దూకాడు! దూకి ఎక్కడ పడ్డాడో చెప్పు ముందు!"

"హోసియా చేతుల్లో," అన్నాడు డుప్రీ.

సోమవారం క్షవరానికి వెళ్ళాను. అద్దం మీద పేపరు ముక్క లేదు. దాని జిగురు మచ్చ మాత్రం ఉంది. అదీ గీకెయ్యమన్నాను.