జాతకం స్వయంగా పరిశీలించబడినది

నేను ఒక సర్వర్‌ను. ప్రస్తుతం రాజమహేంద్రవరంలో ఒక పాత ఇనుము కొట్టులో, తుప్పు పట్టిన కూలర్ పక్కన పడి ఉన్నాను. నన్ను చూసి అయ్యో పాపం అనకండి, నాకు ఒళ్ళు మండుతుంది. పాపం అనవలసిన మనిషి వేరే ఉంది. ఆమె సంగతే చెబుతాను.

నన్ను ఎక్కడో అద్దంలాంటి ఫ్యాక్టరీలో, తలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్నవాళ్ళు బిగించారు. నా మీద ఒక్క వెంట్రుక పడితే ప్రళయం వచ్చినట్టు కంగారుపడేవాళ్ళు. అంత అపురూపంగా తయారుచేసి, చివరికి తీసుకొచ్చి వీరభద్రంగారి చేతిలో పెట్టారు. ఆయన ఒకప్పుడు చంకలో సంచీ ఇరికించుకుని ఊరూరా తిరిగిన పెళ్ళిళ్ళ పేరయ్య. కాలం మారిందని ఎవరో చెబితే సంచీ అటక మీద పడేసి పెళ్ళిళ్ళ వెబ్‌సైట్ పెట్టాడు. నేను వచ్చిన రోజున నాకు కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పి, ఆఫీసు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించాడు. చెడు అన్నది ఎప్పుడూ బయటినుంచే వస్తుందని ఆయన నమ్మకం. లోపలున్నదంతా మనవాళ్ళే కదా! ఈ మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది ఇదే.

నా పని గుమ్మం దగ్గర పని. సైట్‌లోకి వచ్చినవాళ్ళకు పెళ్ళికొడుకుల ఫోటోలూ, పెళ్ళికూతుళ్ళ ఫోటోలూ చూపించడం. వెనక గదిలో ఇంకో మెషీన్ ఉండేది. అందరి ఇళ్ళ అడ్రసులూ, ఫోన్ నంబర్లూ దాని కడుపులో ఉండేవి. బయటివాళ్ళు దాన్ని నేరుగా పలకరించే దారి లేదు. కానీ ఆఫీసులోని మెషీన్ ఏదైనా అడిగితే చాలు, నువ్వెవరు, ఎందుకు అని కూడా అనకుండా ఇచ్చేసేది. అలా అమర్చిన మహానుభావుడు వీరభద్రంగారి మేనల్లుడు శశాంక్. కంప్యూటర్ చదువు చదివాడు, కళ్ళు నెత్తిమీద ఉన్నాయి.

"లోపలి మెషీన్‌కి పాస్‌వర్డ్ పెట్టవేంట్రా?" అని మేనమామ ఒకసారి అడిగాడు. ఆయన జన్మలో అడిగిన ఒకే ఒక్క తెలివైన ప్రశ్న అది.

"ఇంట్లోవాళ్ళని ఇంట్లోవాళ్ళే గుర్తింపు కార్డు అడుగుతారేంటి మావయ్యా?" అన్నాడు శశాంక్.

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రశ్న అక్కడితో సమాధి అయిపోయింది.

ఇక జాతకాల గోల మొదలైంది. సిద్ధాంతులు కూడా ఈ మధ్య జాతకాలు రాసి తమ తమ సైట్లలో పెడుతున్నారు. వాటిని దింపుకుని మళ్ళీ మా సైట్‌లో ఎక్కించడం చేతకాక జనం రోజంతా ఫోన్లు చేసేవాళ్ళు. వీరభద్రంగారికి విసుగొచ్చింది. దాంతో శశాంక్ ఒక గడి పెట్టాడు. అందులో జాతకం ఉన్నచోటి లింకు రాస్తే చాలు, నేనే వెళ్ళి తెచ్చి వాళ్ళ పేజీలో అతికించాలి. ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళకూడదు అన్నది నాకెవరూ చెప్పలేదు. ఏ లింకు రాస్తే అక్కడికి పరుగెత్తడమే. ముక్కూమొహం తెలియనివాడి చేతికి నా ముక్కుతాడు ఇచ్చి, ఇద్దరూ చంకలు గుద్దుకున్నారు.

నేను తెచ్చిన ప్రతి జాతకం మీదా "స్వయంగా పరిశీలించబడినది" అని ఎర్రటి ముద్ర పడేది. ఆ ముద్ర వీరభద్రంగారు తన చేత్తో నొక్కాలి. అది ఆయన గొప్ప. నొక్కేవాడు కూడా, పెసరట్టు తింటూ, ఎడం చేత్తో, జాతకం తెరవకుండా.

అలాంటి రోజుల్లో నీరజ వచ్చింది. పెద్దాపురంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. మొదటి మొగుడు దయాకర్ ఆమె చెయ్యి విరగ్గొట్టాడు. పేరు దయాకర్ అట, పెట్టినవాళ్ళను అనాలి. కోర్టులో విడాకులైనా వాడు వెంటపడడం మానలేదు. అందుకని పాపను తీసుకుని చెప్పాపెట్టకుండా ఊరు మారింది. మళ్ళీ ఒక తోడు కావాలనుకోవడం ఆమె తప్పు కాదు కదా. కాకపోతే ఒకటే షరతు పెట్టింది, తన అడ్రసు ఎవరికీ కనపడకూడదని.

"మీ అడ్రసు లోపలి మెషీన్‌లో ఉంటదండీ. నేనే చూడను, ఇంకోడికి చూపిత్తానా తల్లీ?" అన్నాడు వీరభద్రంగారు, గుండె మీద చెయ్యి వేసుకుని. ఆమె నమ్మింది.

దయాకర్‌కు కంప్యూటర్ పని బాగా తెలుసు. మా సైట్‌లో ఆమె ఫోటో, దాని కింద సభ్యత్వం నంబరు వాడి కంటపడ్డాయి. వెంటనే దొంగపేరుతో పెళ్ళికొడుకుగా చేరిపోయాడు. జాతకం గడిలో ముందు ఒక పిచ్చి లింకు రాశాడు. అది దొరకనప్పుడు నేను దొరకలేదని చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ శశాంక్ తన సౌకర్యం కోసం నాకు ఇంకో విద్య నేర్పాడు. ఏదైనా తప్పు జరిగితే నా ఇంటి గుట్టంతా, లోపలి మెషీన్ పేరూ ఊరూ సహా, స్క్రీన్ మీద పూసగుచ్చినట్టు చెప్పాలి. చెప్పాను. వాడు చదువుకున్నాడు.

రెండోసారి అదే గడిలో లోపలి మెషీన్ అడ్రసూ, నీరజ సభ్యత్వం నంబరూ కలిపి లింకుగా రాశాడు. నేను వెనక గదికి వెళ్ళి అడిగాను. దానికి వినపడింది నా గొంతు. మనదే కదా అనుకుని ఇచ్చేసింది. నేను తెచ్చి వాడి పేజీలో జాతకం ఉండవలసిన చోట అతికించాను. దాని నకలు ఒకటి నా దగ్గర కూడా దాచుకున్నాను, ప్రతి జాతకానికీ అలాగే చెయ్యమన్నారు మరి. మర్నాడు పెసరట్టు వచ్చింది, ముద్ర పడింది.

సోమవారం సాయంత్రం నీరజ పాప చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. బడినుంచి బస్సులో ఇంటికి వెళుతూ, తన ఇంటి ఎదురుగా దయాకర్ నిలబడి ఉండడం కిటికీలోంచి చూసిందట. దిగలేదు. అదే బస్సులో ముందుకు పోయి, ఇంకో బస్సు పట్టుకుని తిన్నగా ఇక్కడికి వచ్చింది.

"నా అడ్రసు ఎవరిచ్చేరండీ?" అంది.

"అమ్మమ్మా, ఎంత మాట! మీ చుట్టాలెవరో నోరుజారుంటారమ్మా. ఆరా తియ్యండి."

"నా చుట్టాలకి చెప్పలేదండి. మా అమ్మకీ చెప్పలేదు. మీకొక్కరికే చెప్పేను."

వీరభద్రంగారు మేనల్లుడి వైపు చూశాడు. శశాంక్ ఠీవిగా కుర్చీ తిప్పాడు. "మేడం, బయట్నుంచి ఒక్కడు కూడా లోపలికి రాలేదండి. కావాలంటే చూపిత్తాను."

నిజమే, ఎవడూ రాలేదు. రావలసిన పనేముంది, నన్ను పంపించాడు కదా!

"కొత్తగా చేరినోళ్ళని చూపించండి," అంది నీరజ. శశాంక్ ఒక్కొక్కరినీ తెరిచాడు. ఒకడికి ఫోటో లేదు. జాతకం మాత్రం ఉంది. తెరిచాడు.

రాశిచక్రం లేదు. నీరజ పేరు, ఇంటి నంబరు, రైస్ మిల్లు ఎదురు మేడమీద వాటా, ఫోన్ నంబరు. వాటన్నిటి మీదా అడ్డంగా, ఎర్రగా: జాతకం స్వయంగా పరిశీలించబడినది.

పాప అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ ముద్రను పైకే చదివింది.

"ఇది... మన మెషీనే తెచ్చింది మావయ్యా," అన్నాడు శశాంక్. ఇద్దరూ తిరిగి నావైపు చూశారు, నేనేదో ఇంటిదొంగనైనట్టు! ఛీ, సిగ్గుండాలి. వెళ్ళమన్నది ఎవరు, అడగకుండా ఇమ్మన్నది ఎవరు, చూడకుండా ముద్ర కొట్టింది ఎవరు?

"పొరపాటైపోయిందమ్మా, ఏవీ అనుకోకండి," అన్నాడు వీరభద్రంగారు.

"మీకు పొరపాటండి. నాకు ఇల్లు పోయింది. దీనికి బడి పోయింది." "నా పేరు తీసెయ్యండి. నేనున్నప్పుడే తియ్యండి." దగ్గరుండి తీయించి, అటునుంచి అటే పోలీసు స్టేషన్‌కు వెళ్ళింది. ఆ మేడమీది వాటాలో ఆమె మళ్ళీ అడుగుపెట్టలేదు.

అప్పుడు వచ్చింది శశాంక్‌కు తెలివి. ముందు, లోపలి మెషీన్ అడ్రసుకు వెళ్ళవద్దని నాకు చెప్పాడు. అదే అడ్రసును ఇంకో రకంగా రాసి తనే పరీక్షించాడు. నేను వెళ్ళి తెచ్చిచ్చాను. వాడి మొహం మాడిపోయింది, నాకు కడుపు నిండింది. వెళ్ళకూడని చోట్లు రాస్తూ కూర్చుంటే ఎక్కడో ఒకటి మిగిలిపోతుందని అప్పుడు ఎక్కింది బుర్రకు. ఇక వెళ్ళదగిన చోట్లే చెప్పాడు, నమ్మకమైన నలుగురైదుగురు సిద్ధాంతుల సైట్లు, అంతే. లింకులో ఆ పేరే ఉన్నా, అది తిప్పి మన వెనక గదికే చేరుస్తుందేమో ముందు చూసుకోవాలి. ఇక్కడ కాదు అక్కడికి పో అని మధ్యలో ఎవరైనా దారి మళ్ళిస్తే వెనక్కి వచ్చేయాలి. జాతకాలు తెచ్చే పనిని వేరే మూలకు మార్చి, అక్కడినుంచి వెనక గదికి దారే లేకుండా గోడ కట్టాడు. లోపలి మెషీన్‌కు కూడా నోరొచ్చింది, నన్ను సైతం పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టింది. తప్పు జరిగితే దొరకలేదు అన్న ఒక్క ముక్కే చెప్పాలని నా వాగుడూ కట్టేశాడు. ఇదంతా ముందే చేసి ఏడిస్తే ఏం పోయేది?

కొన్నాళ్ళకు దయాకర్ ఇంకో దొంగపేరుతో వచ్చాడు. అదే గడి, అదే లింకు. నీరజ కొత్త అడ్రసు కావాలి వాడికి. నేను కదలలేదు. దొరకలేదు అన్నాను. జీవితంలో నేను మనస్ఫూర్తిగా అన్న మాట అదొక్కటే.

ఆ తర్వాత నాకంటే పెద్ద సర్వర్ వచ్చింది. దానికి బొట్టు పెట్టారు, గుమ్మానికి కొత్త గుమ్మడికాయ కట్టారు, నన్ను ఆటోలో వేసి ఇక్కడికి పంపారు. పంపేముందు వీరభద్రంగారు నన్ను గుడ్డతో శుభ్రంగా తుడిపించాడు, పైపైన. లోపల నేను దాచుకున్నవి చెరపాలన్న ఊహ మామకూ రాలేదు, అల్లుడికీ రాలేదు. రైస్ మిల్లు ఎదురు మేడమీద వాటా, ఎర్ర ముద్రతో సహా, ఇప్పటికీ నా కడుపులోనే ఉంది. రేపు నన్ను ఎవడు కొని విప్పుకుంటాడో!

విప్పుకోనివ్వండి. ఆ ఇంట్లో నీరజ లేదు. ఎక్కడుందో నాకు తెలియదు. ఈసారి ఆమె ఎవరికీ చెప్పలేదు.