గీత పడని జారుడు బల్ల

నేను ఒక జారుడు బల్లను. తన ప్లాటు ఎదుటి పార్కులో ఉండాల్సిన నన్ను ఊరికి ఈ కొసన, ఇంకో పార్కులో చూసి, అక్కడ వంటకు వచ్చిన మస్తానమ్మ చేతిలోని సాంబారు గరిటె జారవిడిచింది.

ఎవరూ పట్టించుకోలేదు. ఆమె మాత్రం నా దగ్గరికొచ్చి, వంగి, అడుగు మెట్టు కిందికి చేయి పెట్టి తడిమింది. పసుపు కొమ్ము కట్టిన దారం వేళ్లకు తగిలింది. అది తను కట్టిందే. మరు నిమిషంలో వంట బియ్యం దించిన ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు. అక్కడ ఏం కనబడుతుందో కూడా తెలుసు. ఆమె తిరిగొచ్చేలోపు నా సంగతి చెబుతాను.

నేను పుట్టింది ఆటోనగర్‌లో, ఒక వెల్డింగ్ షెడ్డులో. నన్ను చేసిన మనిషి చివరగా నా రేకు మీద పై నుంచి కింది దాకా అరచేయి ఆనించి రాశాడు. "పిల్లల తొడలు గీరుకోకూడదు గదా" అని పక్కవాడితో అన్నాడు. నా మీద ఇప్పటిదాకా పై నుంచి కిందికి జారింది ఆ అరచేయి ఒక్కటే.

నన్ను కొన్నది రంగబాబు. పొలాలు కొని, కొట్లు కట్టుకునే ప్లాట్లుగా కోసి అమ్మే వ్యాపారి. కొట్ల మధ్య జారుడు బల్లకేం పని అని మీరు అడగవచ్చు. అట్లా అమ్మాలంటే పురపాలక సంఘం షరతులు ఉంటాయి. లారీ తిరిగేంత వెడల్పు రోడ్లు, మురుగు కాలువలు, బండ్లు ఆపుకునే చోటు. వాటితో పాటు పదో వంతు నేల ఖాళీగా వదిలి, పార్కు వేసి, పురపాలక సంఘానికి అప్పగించాలి. పార్కు లేకపోతే అక్కడ ప్లాటు కొన్న ఎవరికీ గోడ లేపడానికి అనుమతి రాదు. మనుషులు చాలా మంచి షరతులు రాసుకుంటారు. తర్వాత వాటిని పాటించినట్టు కనబడటానికి, పాటించడం కంటే ఎక్కువ కష్టపడతారు.

మొదటి పార్కులో నా కాళ్లకు సిమెంటు పోశారు. ఇక ఇదే నా చోటనుకున్నాను. తనిఖీ అయిన వారానికి కట్టర్ తెచ్చి నన్ను చీలమండల దగ్గర కోసి లారీ ఎక్కించారు. రెండో చోట బోల్టులు బిగించారు. ఆ తర్వాత విప్పడం, బిగించడం తేలికైపోయింది. నా వెనకాలే గడ్డి చుట్టలు, కుండీలు, సిమెంటు బెంచీ కూడా ప్రయాణం చేసేవి.

దగ్గర్లో తాపీ పనివాళ్ల పిల్లలు ఉండేవాళ్లు. ఎండ చల్లబడ్డాక నా వైపు పరుగెత్తుకొచ్చేవాళ్లు. వాచ్‌మన్ ఏసోబు కర్ర ఎత్తేవాడు.

"ఎక్కమాకండిరా. పై నుంచి ఆర్డరు."

"పైన ఎవురున్నారు తాతా? కాకేగా ఉంది" అందొక పిల్ల. ఏసోబు నవ్వాడు కానీ కర్ర దించలేదు.

ఆ పైవాడు రంగబాబే అనుకుని అతణ్ణి అసహ్యించుకున్నాను.

నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చిన మనిషి ఒక్కడే. టౌన్ ప్లానింగ్ అధికారి దక్షిణామూర్తి గారు. ప్రతి పార్కుకూ తనిఖీకి ఆయనే వచ్చేవారు. జేబురుమాలుతో నా రేకు తుడిచి, ఎండకు అడ్డంగా చేయి పెట్టి, వంగి పరీక్షగా చూసేవారు. "కొత్తగానే ఉంది" అనేవారు. నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకెవరున్నారు? ఆయన వచ్చే రోజు కోసం ఎదురుచూసేదాన్ని.

నాలుగో చోట మస్తానమ్మ కలిసింది. బస్టాండు పక్కన ఆమె మెస్సు రోడ్డు విస్తరణలో పోయింది. ప్లాట్లు చూడటానికి వచ్చే జనానికి రంగబాబు తరఫున భోజనాలు వండుతూ, సరిగ్గా నాకు ఎదురుగా మూల ప్లాటు తనే కొనుక్కుంది. భూమిపూజ నాడు మిగిలిన పసుపు కొమ్ము దారం తెచ్చి నా మెట్టు కింద కట్టింది. "ఎదురింటిదానివి, నీకూ ఉండనీ. మెస్సు లేచాక నీ దగ్గర కూచొని జనం కిళ్లీ నవుల్తారు, భరించాల" అంది. తర్వాత కట్టడానికి అనుమతి అడిగి, ఊళ్లో వంటలు చేసుకుంటూ ఎదురుచూస్తోంది. నన్ను విప్పిన సంగతి ఇవాళ్టిదాకా ఆమెకు తెలియదు.

ఇదుగో, ఆటో వచ్చింది.

ఆమె దిగేసరికి దక్షిణామూర్తి గారు అప్పుడే నా రేకు తుడవడం ముగించారు. పక్కన రంగబాబు నిలబడి ఉన్నాడు.

"నా ఎదుటి పార్కులో మూడు ప్లాట్లకు రాళ్లు పాతారు తమ్ముడూ" అంది మస్తానమ్మ. "బల్ల ఇక్కడికొచ్చింది."

"బల్లలన్నీ ఒకేలా ఉంటయ్యి అక్కా."

"నా పసుపు కొమ్ము కూడా అన్నిటికీ ఉంటదా?"

ఆమె విస్తరాకు తెచ్చి దక్షిణామూర్తి గారి ముందు బెంచీ మీద పరిచింది. అన్నం పెట్టి సాంబారు పోసింది.

"తినండి సారూ. మీ కోసమే వండా. తిన్నాక నా పార్కు యాడుందో చెప్పండి. అది లేందే నాకు పొయ్యి పెట్టుకునే చోటు లేదు."

ఆయన అన్నంలో చేయి పెట్టి, కలపకుండా అలాగే ఉండిపోయారు. మస్తానమ్మ ఏసోబు వైపు తిరిగింది.

"బల్ల ఇంకా తళతళలాడతా ఉంది. పిల్లల్ని ఎక్కనీకుండా తోలమని నీకు చెప్పింది ఎవరు అన్నా?"

ఏసోబు కర్ర నేల మీద పెట్టాడు. "సారే చెప్పాలమ్మా" అన్నాడు.

దక్షిణామూర్తి గారు విస్తరి పక్కకు జరిపి, లేచి వచ్చి నా రేకు కొసన కూర్చున్నారు. ఇంతకాలంలో అక్కడ ఎవరైనా కూర్చోవడం అదే మొదలు. ఆయన బరువుకు నా కాళ్లు కిర్రుమన్నాయి.

"రంగబాబుకి అంత తెలివి లేదమ్మా" అన్నారు. "రెండో పార్కులో ఇదే బల్లను చూసి గుర్తుపట్టాను. ఊరుకున్నాను. మూడోసారి తను కొత్తది కొంటానంటే, ఉన్నది ఉండగా ఎందుకని నేనే వద్దన్నాను. మీ పార్కులో కోసిన మూడు ప్లాట్లలో ఒకటి మా అల్లుడి పేరున ఉంది. రేపు కమిషనర్ దగ్గరికి మీతో వస్తాను. అది పార్కు నేలని నేనే చెబుతాను, నా ఉద్యోగం ఏమైనా సరే. పిల్లల్ని ఎక్కనివ్వొద్దన్నదీ నేనే. జారితే రేకు మీద గీతలు పడతాయమ్మా. గీతలు పడితే, కొత్తది అని రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు."